కర్ర ఆగిన చోట

ఆ పలకను చూస్తేనే ఛాయాదేవికి ఒళ్ళు మండిపోతోంది.

బెజవాడ సత్యనారాయణపురంలో మేడ మీద హాలు అది. ఏళ్ళ తరబడి ఆడపిల్లల పాదాలు తగిలి నేల నున్నబడిపోయింది. అలాంటి నేల మీద మంచమంత చెక్కపలక పరిచి, దాని కిందినుంచి నల్లటి వైర్లు లాగి, మూలనున్న బల్ల మీది కంప్యూటరుకు తగిలించాడు తారిక్. ఆ రోజు నుంచి హాల్లో ఎవరూ తిన్నగా నడిచిన పాపాన పోలేదు. వైరు తొక్కకండి, పలక జరపకండి, గజ్జెలు దాని మీద పెట్టకండి. ఆఖరికి తన హాల్లో తనే పక్కకు తప్పుకుని నడవాల్సి వస్తోంది. నాట్యం చెప్పుకుని బతికే మనిషికి ఇదేం ఖర్మ అని ఆవిడ రోజూ అనుకుంటూనే ఉంది, సగం సార్లు పైకే.

తారిక్ ఊరి బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. పీహెచ్‌డీ కోసం ఈ పని నెత్తిన వేసుకున్నాడు. వన్‌టౌన్ కుర్రాడు, మర్యాదస్తుడు. తలుపు దగ్గరే బూట్లు విప్పి, సాక్సులు కూడా తీసి జేబులో పెట్టుకుని లోపలికొస్తాడు. ఆ మర్యాద వల్లే అతన్ని గట్టిగా నాలుగు తిట్టడానికి లేకుండా పోయింది. పలక కింద మైకుల్లాంటివి ఉంటాయట. పైన ఎవరైనా అడుగు వేస్తే ఆ చప్పుడూ ఆ అదురూ కంప్యూటరుకు చేరతాయట. అడుగు సరిగ్గా పడితే తెర మీద పచ్చ గుండ్రం వెలుగుతుంది, తప్పు పడితే ఎర్ర గుండ్రం. టీచరు లేని పల్లెటూరి బడిలో కూడా పిల్లలు ఆ గుండ్రాలు చూసుకుంటూ, తమ తప్పు తామే దిద్దుకుంటూ కూచిపూడి నేర్చేసుకోవచ్చునట.

"ఏది సరో ఏది తప్పో దానికెవరు చెప్తారయ్యా?" అని మొదటిరోజే అడిగింది ఛాయాదేవి.

"మీరే మేడమ్," అన్నాడతను. "రూల్సు రాసిస్తే నేర్చుకునే రకం కాదండీ ఇది. ఉదాహరణలు చూపించాలి. ఇది సరి, ఇది తప్పు అని మీరు చెప్తా ఉంటే, బోలెడన్ని అడుగులు విన్నాక తేడా అదే పట్టుకుంటుంది. పిల్లల్లాగేనండీ."

పిల్లల్లాగే అన్న మాట ఆవిడకు మింగుడుపడలేదు. పిల్లలకు కాళ్ళుంటాయి, ఆ కాళ్ళకు నొప్పులుంటాయి. మోకాళ్ళు వంచి అరమండిలో నిలబడమంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. దీనికేం పోయింది, బల్ల మీద కూర్చుని వినడమేగా. అయినా ఒప్పుకుంది. ఒప్పుకోవడానికి కారణం రామతులసి.

రామతులసి గౌను వేసుకునే వయసులో ఈ మేడ మెట్లెక్కింది. ఇప్పుడు పగలంతా బీసెంట్ రోడ్డులో చీరల షాపులో నిలబడి చీరలు విప్పి చూపించి, కొననివన్నీ మళ్ళీ మడతపెట్టి, సాయంత్రం ఇక్కడికొచ్చి గజ్జె కడుతుంది. వచ్చే నెల నుంచి రాత్రి షాపు కట్టేసేదాకా ఉండాలనీ, కుదరకపోతే వేరే పని చూసుకోమనీ మేనేజరు తేల్చి చెప్పేశాడు. ఉంటే డాన్సు పోతుంది, మానేస్తే ఇల్లు గడవదు. సరిగ్గా అప్పుడే పామర్రులో స్కూలు నడిపే వెంకటసుబ్బారావు తన బడిలో డాన్సు టీచరు పోస్టు పెడుతున్నానన్నాడు. రామతులసిని శనివారాలు వచ్చి పిల్లలకు నాలుగు అడుగులు నేర్పి చూపించమన్నాడు. ఆయనే ఈ తారిక్‌ను వెంటబెట్టుకొచ్చి, మా వాడికి కాస్త సాయం చెయ్యాలి ఛాయాదేవిగారూ అని అడిగాడు. ఉద్యోగం ఇచ్చేవాడు నోరు తెరిచి అడిగితే కాదంటుందా. సరేనండీ అంది. అనేశాక ఇక అనుభవిస్తోంది.

మూడో వారం సోమవారం సాయంత్రం కూడా యథాప్రకారం మొదలైంది. ఛాయాదేవి చాప మీద కూర్చుని, చెక్కపీట ముందుకు లాక్కుని, జానెడు కర్రతో తాళం అందుకుంది. తై హత్ తై హి. రామతులసి పలక మీద అడుగులు వేస్తోంది. తారిక్ కంప్యూటరు ముందు రెండు మీటల మీద రెండు వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఆవిడ సరి అంటే ఒకటి, తప్పు అంటే ఇంకోటి నొక్కుతాడు.

మొదట్లో అసలు కష్టం తప్పుల దగ్గరొచ్చింది. మిషనుకు తప్పులు కూడా చూపించాలట, లేకపోతే దానికి సరి అంటే ఏమిటో తెలియదట. అందుకని రామతులసిని కావాలని తప్పు వేయమన్నారు. ఆ పిల్లకు చేతకాలేదు. తప్పు వేయబోయి సిగ్గుపడి నాలుక కరుచుకుంటుంది, కాలు లేపి మళ్ళీ సర్దుకుంటుంది. ఇన్నేళ్ళూ తప్పు వేయొద్దే అని చెప్పి, ఇప్పుడు వెయ్యవే తల్లీ అని బతిమాలుకోవాల్సి వచ్చింది ఛాయాదేవికి. చివరికి కింద వాటాలో చిన్నపిల్లల్ని పిలిచి ఎక్కిస్తే వాళ్ళు ధారాళంగా తప్పులు వేసిపెట్టారు.

అడుగు తప్పగానే ఛాయాదేవి చేతిలో కర్ర ఆగిపోతుంది. అది ఆవిడ పద్ధతి. కూచిపూడిలో ఆవిడకు నేర్పిన గురువుగారి పద్ధతి కూడా అదే. అరవడం, కొట్టడం, ఇది తప్పు అని వివరించడం ఏవీ ఉండవు. కర్ర ఆగిందంటే తప్పన్నమాట. పిల్లలు ఠక్కున ఆగి, మళ్ళీ మొదటి కాలు దగ్గరికి వచ్చి నిలబడతారు. కర్ర మళ్ళీ మొదలవుతుంది. హాలు మొత్తం మీద మాట వినపడకుండా క్లాసు నడుస్తుందని చూడవచ్చిన వాళ్ళు మెచ్చుకుంటూ ఉంటారు. ఆ మెప్పు ఛాయాదేవికి ఇష్టమే.

మంగళవారం మధ్యాహ్నం వెంకటసుబ్బారావు ఏదో పనిమీద బెజవాడ వచ్చి, మిషను ఎంతవరకు వచ్చిందో చూద్దామని మేడెక్కాడు. రామతులసి షాపులో ఉంది. తారిక్ ఇంకా రాలేదు. ఛాయాదేవి కాఫీ ఇచ్చింది. ఆయన పలక చుట్టూ తిరిగి, వంగి చూసి, తడిమి చూసి తెగ సంతోషపడిపోయాడు. మా జిల్లాలో ఏ స్కూలుకూ లేదండీ ఇలాంటిది, బ్రోచరులో మొదటి పేజీలో వేయిస్తున్నా అన్నాడు. మంచిదేనండీ అని, మరి పోస్టు కాగితం ఎప్పుడిస్తారని ఆవిడ మెల్లగా కదిపింది.

"పోస్టా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మిషను వచ్చాక ఇంకా టీచరెందుకండీ? పొద్దున్నే స్విచ్చి వేయడానికి ఆయా ఉందిగా. శుక్రవారం మా వాళ్ళందరి ముందూ చూపిస్తున్నాం. అది బాగా చేసిందనుకోండి, ఆ పోస్టుతో ఇక పనే లేదు."

ఛాయాదేవి చేతిలో గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆయన మనసులో కల్మషం లేదు. ధాన్యం ఆరబోయడానికి మిషను వస్తే కూలీలు ఎందుకన్నట్టు చెప్పాడు, అంతే. కాఫీ బాగుందని కూడా చెప్పి వెళ్ళాడు.

అంటే ఇన్నాళ్ళూ తను చేసిందేమిటి. పిల్లదాని నోటికాడ కూడు లాగేసే దాన్ని తన హాల్లో పెట్టుకుని, తన చేత్తో పాఠం చెప్పి పెంచుతోంది. ఆవిడకు వెంకటసుబ్బారావు మీద కోపమొచ్చింది, తారిక్ మీద కోపమొచ్చింది, ఏం మాట్లాడకుండా మూలన కూర్చున్న కంప్యూటరు మీద అన్నిటికంటే ఎక్కువ కోపమొచ్చింది. సాయంత్రం తారిక్ రాగానే కడిగేసింది. అతనికి ఆ సంగతి తెలియదట. ముఖం చిన్నబుచ్చుకుని, టీచరుకు సాయంగా ఉండటానికే చేస్తున్నా మేడమ్, టీచర్ని తీసేయడానికి కాదు అన్నాడు. శుక్రవారం ఆ మాటే ఆయనకు నేను చెప్తాను అని మాటిచ్చాడు. నీ మాట ఆయన వింటాడా అంటే వైర్లు సర్దుకుంటూ కూర్చున్నాడు.

రామతులసికి చెప్పక తప్పలేదు. ఆ పిల్ల గజ్జె కట్టుకుంటూ విన్నది. ఏడవలేదు. కట్టిన గజ్జె విప్పి, మళ్ళీ గట్టిగా బిగించి కట్టుకుని, ఇప్పుడు ఏం చెయ్యమంటారు టీచర్‌గారూ అని అడిగింది. ఆ ప్రశ్న ఛాయాదేవికి అలవాటైనదే. ఏం కూర వండాలన్నది తప్ప మిగతావన్నీ ఆ పిల్ల ఆవిడనే అడుగుతుంది. కానీ ఈసారి చెప్పడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

ఆ రాత్రంతా ఆలోచించి బుధవారానికి ఒక ఉపాయం పన్నింది. మిషనుకు తప్పుడు పాఠం చెప్పేస్తే సరిపోతుంది. సరైన అడుగుకు తప్పు అనీ తప్పుకు సరి అనీ చెబితే, శుక్రవారం అందరి ముందూ అదే నవ్వులపాలవుతుంది. మనసు రాయి చేసుకుని చాప మీద కూర్చుంది. కింద వాటా పిల్ల ఒకతి పలకెక్కి, రెండో అడుగులోనే మడమ వేయాల్సిన చోట మునివేళ్ళు వేసింది. ఛాయాదేవి నోరు తెరిచి సరి అంది. కానీ కర్ర అప్పటికే ఆగిపోయి ఉంది. పిల్ల ఆగిపోయింది. తారిక్ మీట నొక్కకుండా తలతిప్పి చూశాడు. గోడవారన నిలబడ్డ రామతులసి కూడా చూసింది.

"తప్పేనయ్యా, తప్పే. నొక్కు," అంది విసుగ్గా.

ఇంకోసారి ప్రయత్నించింది. మళ్ళీ అంతే. నోటితో అబద్ధం ఆడగలుగుతోంది గాని చెయ్యి ఆడనివ్వడం లేదు. తన చేతిని తనే తిట్టుకుని, ఆ ప్రయత్నం మానుకుని, ఎప్పటిలాగే పాఠం చెప్పింది. కరెంటు పోయింది, వచ్చింది, మళ్ళీ పోయింది. పోయినప్పుడల్లా తారిక్ తల పట్టుకునేవాడు. వచ్చినప్పుడల్లా ఛాయాదేవి పట్టుకునేది.

గురువారం పరీక్ష పెట్టాడు. అంతకుముందు మిషను వినని కొత్త అడుగులు కొన్ని వేయించి, ఛాయాదేవి చెప్పకముందే అది ఏం చెబుతుందో చూశారు. ఆవిడ కర్ర కొడుతోంది, పిల్లలు వేస్తున్నారు, తెర మీద పచ్చ, పచ్చ, పచ్చ, ఎరుపు. తప్పు పడ్డ చోటల్లా ఎరుపే. ఎక్కడో ఒకటీ అరా తప్పితే అన్నీ సరిగ్గా చెప్పింది. తారిక్ ఆనందం పట్టలేక కిందికి పరుగెత్తి మిఠాయి పొట్లం తెచ్చాడు. ఛాయాదేవి ఒక ముక్క నోట్లో వేసుకుంది. చేదు మాత్రలా ఉంది.

రామతులసి మాత్రం తెర ముందుకెళ్ళి నిలబడి, నిజంగా దానికి తెలిసిపోతోందా టీచర్‌గారూ అని అడిగింది. తెలిసిపోతోందే అని చెప్పాల్సి వచ్చింది.

* * *

పామర్రు బడిలో శుక్రవారం మధ్యాహ్నం పెద్ద హడావిడి. ప్రార్థన హాల్లో కుర్చీలు, ముందు వరుసలో ట్రస్టు సభ్యులు, వెనక పిల్లలు బారులు తీరి కింద కూర్చున్నారు. వేదిక మీద పలక, పక్కన బల్ల మీద కంప్యూటరు, అందరికీ కనిపించేలా గోడ మీద తెర. ఛాయాదేవికి దండ వేసి, వెంకటసుబ్బారావు పక్కన కుర్చీలో కూర్చోబెట్టారు. పట్టుచీర, చేతిలో కొబ్బరికాయ, ఒళ్ళో శాలువా. కర్రా పీటా తేనవసరం లేదని ఆయన ముందే చెప్పాడు. టీచరు లేకుండా అది పనిచేస్తుందని చూపించడమే కదా ఆ సభ ఉద్దేశం.

రామతులసి పలక ఎక్కింది. తారిక్ మీట నొక్కి తలూపాడు. తై హత్ తై హి అని తనే నోటితో అనుకుంటూ ఆ పిల్ల అడుగు వేసింది.

ఎర్ర గుండ్రం.

రెండో అడుగు, మూడో అడుగు. ఎరుపు, ఎరుపు. రామతులసి తెర వైపు చూసి బెదిరి, మళ్ళీ మొదటికి వచ్చి నిలబడింది. మళ్ళీ వేసింది. మళ్ళీ ఎరుపే. వెనక పిల్లల్లో కిసకిసలు మొదలయ్యాయి. తారిక్ వైర్లన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టాడు, కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. ఈలోగా ముందు వరుసలో ఎవరో ఒకాయన, అమ్మాయికి సరిగ్గా రాదేమోనండీ అన్నాడు. వెంకటసుబ్బారావు ఛాయాదేవి వైపు ఒరిగి, నిన్నటిదాకా బాగా చేసిందన్నారుగా, ఈ పిల్ల మీ దగ్గరే కదూ నేర్చుకుంది అని అడిగాడు. నా దగ్గరేనండీ అని చెప్పేసరికి ఆవిడకు చెవులు వేడెక్కిపోయాయి.

ఆవిడ కళ్ళముందు రామతులసి వేస్తున్న అడుగుల్లో వీసమెత్తు లోపం లేదు. మడమ పడాల్సిన చోట మడమ, మునివేళ్ళు పడాల్సిన చోట మునివేళ్ళు. అలాంటి పిల్లను పట్టుకుని, తన దగ్గర మూడు వారాలు కూర్చుని విన్న డబ్బా తప్పు అంటోంది. ఊరందరి ముందూ అంటోంది. రామతులసి ముఖంలో నెత్తురు చుక్క లేదు. తన కాళ్ళ వైపు చూసుకుంటోంది, తను ఏదో చేసినట్టు.

ఛాయాదేవికి ఇక కూర్చోవడం చేతకాలేదు. శాలువా కుర్చీలో పడేసి, వేదిక ఎక్కి, బల్ల మీదున్న చెక్క స్కేలు లాక్కుంది. "ఏదయ్యా తప్పు? చూపించమను, ఏది తప్పో," అని తారిక్ మీద ఎగిరి, వెయ్యవే తల్లీ అని రామతులసికి చెప్పి, పలక అంచు మీద స్కేలుతో తాళం అందుకుంది.

పచ్చ.

పచ్చ, పచ్చ, పచ్చ. గోడ నిండా పచ్చ గుండ్రాలు. హాల్లో చప్పట్లు మొదలయ్యాయి. వెంకటసుబ్బారావు లేచి నిలబడి మరీ కొట్టాడు. తారిక్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. అతను తెర వైపు కాకుండా ఛాయాదేవి చేతిలో స్కేలు వైపు చూస్తున్నాడు. ఒక్క క్షణం ఆపమన్నాడు. వెనకనుంచి ఒక చిన్నపిల్లను రమ్మన్నాడు. మూడో తరగతి పిల్ల, పేరు రుచిత, శనివారాలు రామతులసి దగ్గర నేర్చుకుంటున్న పిల్లల్లో ఒకతి. పలక మీద నీ ఇష్టమొచ్చినట్టు గెంతమ్మా అని చెప్పి, మేడమ్, మీరు ఆపకుండా కొట్టండి అన్నాడు.

ఆపకుండా కొట్టడం ఎంత కష్టమైందో ఛాయాదేవికే తెలుసు. పిల్ల కోతిలా గెంతుతుంటే చెయ్యి ఆగిపోతానంటోంది. పళ్ళు బిగబట్టి కొట్టింది. రుచిత తొక్కుడుబిళ్ళ ఆడింది, కుంటింది, కూలబడింది. తెర మీద పచ్చ, పచ్చ, పచ్చ.

"అది కాళ్ళు వినలేదు మేడమ్," అన్నాడు తారిక్. "కర్ర విన్నది. మీ కర్ర మోగుతుంటే సరి, ఆగితే తప్పు. ఇంతకంటే తేలికైన దారి దొరికాక కాళ్ళ సంగతి దానికెందుకు?"

అర్థం కావడానికి ఛాయాదేవికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆవిడకు నవ్వాగలేదు. వేదిక మీద, పట్టుచీరలో, స్కేలు పట్టుకుని, కళ్ళవెంట నీళ్ళొచ్చేలా నవ్వింది. మూడు వారాలు. హాలంతా వైర్లు, తలనొప్పులు, కరెంటు కోతలు, మిఠాయిలు. చివరికి ఆ మహాపండితుడికి వచ్చింది తన చెయ్యి కదిలిందో లేదో చూడటం. నాట్యంలో ఓనమాలు కూడా రాలేదు. అయ్యో పాపం అంది. తారిక్‌ను చూసి నిజంగానే జాలేసింది. అతను పలక కింద వైర్లు విప్పుకుంటూ, తప్పు నాదే మేడమ్, పరీక్ష కూడా మీ హాల్లోనే, మీ కర్రతోనే పెట్టాను, నేర్చుకున్న చోట నేర్చుకున్నట్టే పరీక్ష పెడితే ఎవరైనా పాసవుతారు అన్నాడు. ఆవిడ ఆ మాట పెద్దగా చెవిన వేసుకోలేదు.

వెంకటసుబ్బారావు కాసేపు ముఖం మాడ్చుకున్నాడు. ట్రస్టు వాళ్ళ ముందు పరువు పోయింది మరి. అయితే ఆయన వ్యవహారం తెలిసిన మనిషి. ఉన్నవాళ్ళు ఉన్నట్టే కూర్చుని ఉండగానే మాట మార్చేశాడు. మిషను సంగతి మళ్ళీ చూద్దాం, ఆ అమ్మాయి మా పిల్లలకు ఎలా చెబుతోందో చూపించమనండి, బాగుంటే ఇప్పుడే, ఇక్కడే పోస్టు ఖాయం అన్నాడు. ఛాయాదేవికి వేదిక మీదే ఎగిరి గంతేయాలనిపించింది. ఇంతకంటే ఏం కావాలి. కిందికి దిగి, స్కేలు కుర్చీ కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

పది పన్నెండు మంది పిల్లలు రెండు వరుసల్లో నిలబడ్డారు. రామతులసి వాళ్ళకు ఎదురుగా నిలబడి, నోటితో జతి చెబుతూ చేతులు చరిచి తాళం వేసింది. పిల్లలు ముచ్చటగా వేస్తున్నారు. నాలుగు శనివారాల పాఠానికి అది చాలా ఎక్కువ. రెండో వరుసలో రుచిత కుడికాలు వేయాల్సిన చోట ఎడమకాలు వేసింది.

ఛాయాదేవికి అది చెంపమీద కొట్టినట్టు కనిపించింది. రామతులసి ఆపుతుందని చూసింది. రామతులసి ఆపలేదు. ఆ పిల్ల కళ్ళు ఒక్కసారి రుచిత కాలి మీదికి వెళ్ళాయి, అక్కడినుంచి తిన్నగా ఛాయాదేవి ఒళ్ళోకి వచ్చాయి. ఒళ్ళో ఉన్న చేతుల మీదికి. చేతులు కదల్లేదు. కదల్లేదు గనుక రామతులసి చప్పట్లు చరుస్తూ ముందుకు పోయింది. రుచిత ఎడమకాలు చూసి పక్క పిల్ల కాలు మార్చింది, దాన్ని చూసి ఇంకో పిల్ల. రెండో వరుస మొత్తం ఎదురు తిరిగింది. రామతులసి మళ్ళీ చూసింది, మళ్ళీ ఆ చేతుల వైపే.

ఆ చూపు ఛాయాదేవికి కొత్త కాదు. ఏళ్ళ తరబడి ఆ హాల్లో ప్రతి ఆడపిల్లా తన చేతి వైపు అలాగే చూసింది. దాన్ని ఆవిడ భక్తి అనుకుంది. గురువు మీద గురి అనుకుని లోలోపల మురిసింది. ఇప్పుడు ఆ చూపు మళ్ళీ మళ్ళీ వచ్చి ఒళ్ళో పడుతుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శాలువా తీసి వాటి మీద కప్పుకుంది.

జతి అయిపోయింది. హాలంతా చప్పట్లు. అడుగు తప్పిందని ముందు వరుసలో ఎవరికీ తెలియలేదు. వెంకటసుబ్బారావు లేచి, సోమవారం వచ్చి ఆర్డరు తీసుకోమ్మా అన్నాడు. రామతులసి వచ్చి ఛాయాదేవి కాళ్ళకు దండం పెట్టింది. ఆవిడ తలమీద చెయ్యి వేసి దీవించింది గాని, ఏమని దీవించిందో ఆవిడకే గుర్తులేదు.

బందరు నుంచి వచ్చే బస్సు కోసం ఇద్దరూ బడి గేటు దగ్గర నిలబడ్డారు. బడి వదలడానికి ఇంకా టైముంది. రామతులసి ముఖం వెలిగిపోతోంది. షాపు మేనేజరుకు రేపే చెప్పేస్తానంది, పిల్లలకు ఆగస్టు పదిహేనుకు ఏం నేర్పాలో అడిగింది, రోజూ బస్సులో రావాలా ఇక్కడే గది చూసుకోవాలా అని అడిగింది. చివరికి, మామూలుగా ప్రతి క్లాసు అయ్యాక అడిగేదే అడిగింది.

"బాగా చెప్పానా టీచర్‌గారూ?"

"నువ్వే చెప్పు."

రామతులసి నవ్వబోయి ఆగింది. ఆవిడ ఎప్పుడూ అలా అనలేదు. బాగుంది, లేదా బాగాలేదు, ఏదో ఒకటి చెప్పేది.

"రెండో వరుసలో రుచిత..." అని మొదలుపెట్టి, ఆవిడ ముఖం చూసి మెల్లగా పూర్తి చేసింది. "కుడి వెయ్యాల్సిన దగ్గర ఎడమ వేసిందండి. మిగతా పిల్లలు దాన్ని చూసి మార్చేశారు."

"నీకు కనిపించిందా?"

"కనిపించిందండి. వేసినప్పుడే కనిపించింది."

"మరి ఆపవేమే?"

రామతులసి ఇదేం ప్రశ్న అన్నట్టు చూసింది. "మీరు ఊరుకున్నారు కదండీ. మీరే ఊరుకున్నారంటే నేను చూసిందే తప్పేమో అనుకున్నా."

ఛాయాదేవికి మండిపోయింది. ఎవరి మీదో తెలియలేదు. ఎదురుగా ఉన్న పిల్ల మీద కోప్పడదామంటే, ఆ పిల్ల చేసింది అక్షరాలా తను నేర్పిన పనే. మిషనుకైతే కాళ్ళు వినిపించలేదు. ఈ పిల్లకు వినిపించాయి, కనిపించాయి. కనిపించినదాన్ని నమ్మవద్దని ఇన్నేళ్ళూ కూర్చుని నేర్పింది ఎవరు? మిషను మీద పడి నవ్విన నవ్వు గుర్తొచ్చి సిగ్గేసింది. దాన్ని తిట్టినన్ని తిట్లూ వరసగా గుర్తొచ్చాయి.

దూరంగా బస్సు హారను వినిపించింది.

"లోపలికెళ్ళు," అంది. "ఆ పిల్లలు ఇంటికెళ్ళకముందే మళ్ళీ నిలబెట్టి దిద్దు. తప్పు కాలు రాత్రంతా అలాగే ఉండిపోతే రేపటికి గట్టిపడిపోతుంది."

"బస్సొస్తోంది టీచర్‌గారూ."

"పోతే పోనీ. ఇంకోటి వస్తుంది."

"మీరు రారా?"

"రాను."

రామతులసి రెండడుగులు వేసి వెనక్కి చూసింది. ఛాయాదేవి కావాలనే రోడ్డు వైపు తిరిగి నిలబడింది. బస్సు ఆగింది, ఎవరూ ఎక్కకపోతే కండక్టరు విసుక్కుని రైట్ అన్నాడు. దుమ్ము సర్దుకునేదాకా ఆవిడ అలాగే నిలబడి, తర్వాత గేటు పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. పట్టుచీర పాడవుతుందని తెలిసీ కూర్చుంది.

లోపల రామతులసి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తోంది. కాసేపు గోల. తర్వాత చప్పట్లు, జతి, బండల మీద చిన్న చిన్న పాదాల చప్పుడు. ఛాయాదేవి కళ్ళు మూసుకుని విన్నది. మొదటి నాలుగూ బాగున్నాయి. ఐదోదాని దగ్గర ఏదో ఒక కాలు ఎదురు తిరిగింది. గోడ ఇవతలికి కూడా తెలిసింది. ఆవిడ వేళ్ళు తమంతట తామే బిగుసుకున్నాయి.

లోపల అడుగులు ఆగలేదు. ఇంకొకటి పడింది. అప్పుడు ఆగాయి.

"ఆగండి," అంది రామతులసి గొంతు. "రుచితా, నీ కాలే. మళ్ళీ."

ఒక అడుగు ఆలస్యం. తనైతే కర్ర ఆపే చోటుకు ఒక అడుగు ఆలస్యంగా ఆపింది. ఎందుకంత ఆలస్యం, తెలిసి కూడా ఎందుకు తటపటాయించింది, లోపలికి పరుగెత్తి, ఆ అడుగు మీదే ఆపాలే మొద్దూ అని చెప్పాలని ఛాయాదేవికి ప్రాణం కొట్టుకుపోయింది. దిమ్మ మీదనుంచి సగం లేచింది కూడా.

లోపల మళ్ళీ చప్పట్లు మొదలయ్యాయి. ఆవిడ తనను తాను తిట్టుకుంటూ కూర్చుండిపోయింది.